మూడు ఇరుసుల ఇంజను: ఇటలీ ఏకీకరణలో ఒక యంత్రం పాత్ర

మాజినీ, గరిబాల్డీ, కవూర్ - ఇటలీ ఏకీకరణతో ముడివడిన ఈ మూడు పేర్లు భారతీయ పాఠకులకు కొత్తవి కావు. మన జాతీయోద్యమపు తొలి రోజులలో ఈ పేర్లు సభలలోనూ పత్రికలలోనూ తరచు వినవచ్చేవి. లాలా లజపతిరాయ్ మాజినీ, గరిబాల్డీల జీవితచరిత్రలను ఉర్దూలో రచించారు. 1861 మార్చి 17న టూరిన్ నగరంలో ఇటలీ రాజ్యం ప్రకటితమైంది. అయితే ఒక ప్రకటనతో పుట్టిన రాజ్యం నిజంగా ఒక దేశంగా రూపుదిద్దుకోవడానికి మరికొన్ని దశాబ్దాలు పట్టింది. ఆ దశాబ్దాల శ్రమలో పాలుపంచుకొని, నగర కూడళ్ళలో ఏ విగ్రహానికీ నోచుకోని సేవకుడు ఒకడున్నాడు. ఆరు చక్రాలనూ ఉక్కు కడ్డీలతో జోడించి, మూడు ఇరుసుల మీద నడిపిన ఆవిరి రైలింజనే ఆ సేవకుడు.

ఈ యంత్రం ప్రత్యేకత ఏమిటో మొదట తెలుసుకోవాలి. నున్నని ఇనుప పట్టా మీద నున్నని ఇనుప చక్రం తిరిగేటప్పుడు ఇంజనుకు ఎంత శక్తి ఉన్నా, చక్రానికి పట్టు దొరకకపోతే అది ఉన్నచోటనే జారుతూ తిరుగుతుంది. పట్టు దొరకాలంటే ఆ చక్రం మీద బరువు ఉండాలి. తొలితరం ఇంజన్లలో ఒకే జత చక్రాలకు ఆవిరి శక్తి అందేది. తక్కిన చక్రాలు బరువును మోయడానికే పరిమితం. పక్కల కడ్డీలు బిగించి మూడు ఇరుసులనూ ఒకటిగా కలిపితే ఇంజను మొత్తం బరువు పట్టుగా మారుతుంది. చక్రాలు చిన్నవైతే వేగం తగ్గి లాగే బలం పెరుగుతుంది. అందుచేత ఈ ఇంజను రాజుల బండ్లకు కాక గూడ్సు బండ్లకూ, మైదానానికి కాక ఎగువదారికీ తగినదైంది. బ్రిటిష్ పద్ధతిలో చక్రాలను లెక్కిస్తే ఇది ఆరు చక్రాల ఇంజను. ఇటలీలో ఇరుసులను లెక్కిస్తారు కనుక అక్కడ ఇది మూడు ఇరుసుల ఇంజను.

ఇటలీలో తొలి రైలు 1839 అక్టోబరు 3న నేపుల్స్ నుంచి పోర్టిచికి నడిచింది. దూరం ఎనిమిది కిలోమీటర్ల లోపు. ఇంజన్లు ఇంగ్లాండు నుంచి తెచ్చినవి. అప్పటి ఇటలీ ఒక దేశం కాదు. ఉత్తరాన సార్డీనియా రాజ్యం, ఆస్ట్రియా ఏలుబడిలోని లొంబార్డీ-వెనీషియా, మధ్యలో టస్కనీ, పోపు రాజ్యం, దక్షిణాన రెండు సిసిలీల రాజ్యం - ఇలా అది ముక్కలై ఉండేది. ఒక్కొక్క రాజ్యానికి ఒక్కొక్క సుంకం, ఒక్కొక్క నాణెం. పోపు పదహారవ గ్రెగరీ తన రాజ్యంలో రైలు మార్గాలను అనుమతించనే లేదు. ఈ పరిస్థితిలో 1846లో కవూర్ ఒక ఫ్రెంచి పత్రికలో ఇటలీ రైలు మార్గాలపై వ్యాసం ప్రకటించాడు. రైలు వర్తకానికి మాత్రమే కాక, విడిపోయిన ప్రజలలో జాతీయ భావం పెంపొందడానికి కూడా సాధనమవుతుందని అందులో వాదించాడు. పదిహేనేళ్ళ తరువాత ఆ మాటను ఆచరణలో పెట్టవలసిన భారం కొత్త రాజ్యం మీద పడింది.

ఆనాటికి ఇటలీ అంతటా ఉన్న రైలు మార్గం సుమారు 2,000 కిలోమీటర్లు. అందులో అత్యధిక భాగం ఉత్తరానిదే. దక్షిణాన నేపుల్స్ పరిసరాలలో వంద కిలోమీటర్లకు కొంచెం అటూ ఇటూ మాత్రమే. ఇక పట్టాలు వేగంగా సాగాయి. 1861లో బొలోన్యా నుంచి అంకోనాకు, 1863లో సిసిలీ ద్వీపంలో పలెర్మో నుంచి బగేరియాకు, 1865లో ఏడ్రియాటిక్ తీరం వెంట బ్రిండిసి రేవుకు మార్గాలు తెరిచారు. కొత్త దారులలో ధాన్యం, ద్రాక్షసారా, గంధకం, సైనికులు, ఉప్పు, ఉత్తరాలు అన్నీ నడవాలి. ఇన్ని పనులకు ఇన్ని రకాల ఇంజన్లు కొనే స్తోమత అప్పులతో మొదలైన ఆ ప్రభుత్వానికి లేదు. ఏ పనికైనా ఒదిగే ఒక యంత్రం కావలసి వచ్చింది.

అది పొరుగున ఫ్రాన్సులో దొరికింది. పారిస్ నుంచి బూర్బొనే ప్రాంతం మీదుగా లియోన్‌కు వెళ్ళే మార్గం కోసం 1850లలో తయారైన ఇంజనును ఆ ప్రాంతం పేరుతోనే ‘బూర్బొనే’ అని పిలిచేవారు. పొడవైన బాయిలరు, వెలుపలి వైపు సిలిండర్లు, 1.3 మీటర్ల వ్యాసం గల ఆరు చక్రాలు, చివరి ఇరుసుకు వెనుక వేలాడే కొలిమి దాని లక్షణాలు. ఇరుసులు దగ్గర దగ్గరగా ఉండడం వల్ల వంపులలో సులువుగా తిరిగేది; అదే కారణం చేత వేగం పెంచితే ముందుకూ వెనుకకూ ఊగేది. అయినా కట్టడం తేలిక, మరమ్మతు తేలిక, నడపడం తేలిక. ఉత్తర ఇటలీ రైల్వే కంపెనీ ఈ నమూనాను 1860లలో స్వీకరించింది. ఆ తరువాత దశాబ్దాల పాటు స్వల్పమైన మార్పులతో ఆ ఇంజన్లు వందల సంఖ్యలో తయారయ్యాయి. తొలి ఇంజన్లు విదేశాలవి; తరువాతివి క్రమంగా జెనోవా సమీపంలోని అన్సాల్దో, నేపుల్స్ సమీపంలోని పియెట్రార్సా, మిలాన్ కర్మాగారాలలో తయారైనవి. పరాయి యంత్రాన్ని విప్పి, బాగు చేసి, దాని కొలతలతో మరొకటి చేసి, చివరకు తమదైనది చేయగలగడం - ఏ దేశపు పరిశ్రమ అయినా నడిచిన దారి ఇదే.

అయితే ఈ దారిలో రక్తపు మరక ఒకటి ఉంది. దానిని దాటవేసి ఏకీకరణను కీర్తించడం చరిత్రకు న్యాయం కాదు. పియెట్రార్సా కర్మాగారం 1840 ప్రాంతంలో నేపుల్స్ రాజు రెండవ ఫెర్డినాండ్ స్థాపించినది. విదేశీ సహాయం లేకుండా తమ మనుషులే యంత్రాలు చేయగలగాలన్నది దాని లక్ష్యం. ఏకీకరణ నాటికి అక్కడ సుమారు వెయ్యి మంది పని చేస్తూ ఉండేవారు. కొత్త ప్రభుత్వం దానిని ప్రైవేటు యాజమాన్యానికి అప్పగించింది. కొలువులు తగ్గాయి, కూలి తగ్గింది. 1863 ఆగస్టు 6న గుమిగూడిన పనివారి మీదికి సైనికులను పంపారు. కాల్పులలో కనీసం నలుగురు కార్మికులు మరణించారు. ఆ ఏడాదే కవి జోస్వే కార్దుచ్చి ‘సైతానుకు స్తోత్రం’ అనే తన ప్రసిద్ధ కావ్యం రచించి, అంధవిశ్వాసాన్ని చీల్చుకొని పోయే మానవ మేధకు ప్రతీకగా రైలింజనును నిలిపాడు. కవి చూసిన ఇంజను, కార్మికుడు చేసిన ఇంజను ఒకటే. ఒకరికి అది విముక్తి. మరొకరికి అది చేజారిపోతున్న అన్నం. దక్షిణ ఇటలీ వెనుకబాటుకు ఏకీకరణ ఎంతవరకు కారణమన్న వాదం చరిత్రకారుల మధ్య నేటికీ ముగియలేదు. ఆ వాదంలో పియెట్రార్సా పేరు వినిపించకుండా ఉండదు.

ఇటలీ ఇంజనీర్ల ఎదుట మరి రెండు సమస్యలుండేవి. ఒకటి కొండలు, రెండవది బొగ్గు. దేశం పొడవునా వెన్నెముకలా అపెనైన్ పర్వతాలు సాగి ఉన్నాయి. జెనోవా రేవు నుంచి టూరిన్ వెళ్ళే దారిలో జోవి కనుమ వద్ద వెయ్యి మీటర్లకు 35 మీటర్ల ఎక్కుడు ఉండేది. 1850లలో అక్కడ రెండేసి చిన్న ఇంజన్లను వీపులు కలిపి జంటగా నడిపేవారు. ఇక బొగ్గు ఆ దేశంలో దాదాపు లేదు. అధిక భాగం బ్రిటన్ నుంచి ఓడలలో రావలసిందే. కొండ ఎక్కే ప్రతి బండీ పరాయి దేశపు బొగ్గును కాల్చేది. తక్కువ బొగ్గుతో ఎక్కువ పని చేసే ఇంజను కోసం అన్వేషణ అక్కడ కేవలం శాస్త్ర కుతూహలం కాదు, ఖజానా అవసరం.

ఈ అవసరం నుంచే ఇటలీ స్వంత ఆలోచన పుట్టింది. టూరిన్‌లో ఉత్తర ఇటలీ రైల్వే ఇంజనీరు చెజారే ఫ్రెస్కోట్ జోవి కనుమకు ప్రత్యామ్నాయంగా, తక్కువ వాలుతో నిర్మాణంలో ఉన్న మార్గాన్ని దృష్టిలో ఉంచుకొని 1884లో ఒక కొత్త ఇంజనును రూపొందించాడు. జోడించిన ఆరు చక్రాలు వెనుక, వంపులలో దారి చూపే నాలుగు చిన్న చక్రాల బండి ముందు - ఇదీ దాని అమరిక. ఎక్కుడు మీద ప్రయాణికుల బండిని వేగంగా లాగడానికి ఉద్దేశించిన ఈ రకపు ఇంజన్లలో ఐరోపాలో ఇదే మొదటిదని రైల్వే చరిత్రకారులు పరిగణిస్తారు. ఏకీకృత ఇటలీ తొలి రాజు ‘విత్తోరియో ఎమాన్యుయేలె II’ పేరే దానికి పెట్టారు. అంతకు పూర్వం గూడ్సు బండ్ల వెంట మసిబారిన ఆరు చక్రాల అమరిక రాజు పేరు ధరించింది. ఆ ఇంజను ఎదురుచూసిన కొత్త మార్గం 1889లో ప్రారంభమైంది.

శతాబ్దం చివరి సంవత్సరంలో ఫ్లారెన్స్‌లోని ఏడ్రియాటిక్ రైల్వే కార్యాలయం మరింత సాహసించింది. జుసెప్పె జారా నాయకత్వంలో అక్కడ రూపొందిన ఇంజనులో డ్రైవరు గది ముందు, పొగగొట్టం వెనుక. డ్రైవరుకు ఎదుట పొగ లేదు, బాయిలరు లేదు, దారి మాత్రమే. బొగ్గు కొలిమికి ఇరువైపులా ఉండేది. నీళ్ళ తొట్టి బండి వెనుక వచ్చేది. ఒకసారి పనిచేసిన ఆవిరిని రెండో సారి మరో జత సిలిండర్లలో పనిచేయించి బొగ్గు ఆదా చేసేవారు. 1900 నాటి పారిస్ ప్రపంచ ప్రదర్శనలో అది సందర్శకుల దృష్టిని ఆకర్షించింది. ఇటలీ రైల్వే సిబ్బంది మాత్రం దానికి ముద్దుగా ‘ఆవు’ అని పేరు పెట్టుకున్నారు. నాలుగు దశాబ్దాల క్రితం ఫ్రెంచి నమూనాను అనుకరించిన దేశం, ఫ్రెంచి రాజధానిలోనే తన స్వంత నమూనాను నిలబెట్టింది.

ఈ పట్టాలతో మన దేశానికీ ఒక సంబంధం ఉంది. 1870 నుంచి 1914 వరకు లండన్ నుంచి భారతదేశానికి వచ్చే టపా ఇటలీ మీదుగా బ్రిండిసి రేవుకు చేరి, అక్కడ ఓడ ఎక్కి, ఈజిప్టు మీదుగా బొంబాయి వచ్చేది. ఇటలీ వారు ఆ బండిని ‘ఇండియా టపా’ అనే అర్థం వచ్చే పేరుతోనే పిలిచేవారు. బొంబాయి, మద్రాసు రైలు మార్గాలు 1871లో రాయచూరు వద్ద కలిశాయి. ఆదోని, గుంతకల్లు, గుత్తి, కడప, రేణిగుంటల మీదుగా మద్రాసు చేరే రైలుదారికి ఆ విధంగా ఏడ్రియాటిక్ తీరంతో ఒక అదృశ్యమైన కొనసాగింపు ఏర్పడింది. ఇటలీని ఒకటి చేసేందుకు వేసిన పట్టాలు ఒక సామ్రాజ్యపు ఆజ్ఞలను కూడా మోశాయన్నది విస్మరించరాని సత్యం. యంత్రానికి పక్షపాతం లేదు. దానిని నడిపించే వారి ఉద్దేశమే దాని చరిత్ర.

ఆవిరి యుగానికి చివరి హెచ్చరిక మళ్ళీ జోవి కనుమ నుంచే వచ్చింది. 1898 ఆగస్టులో అక్కడి సొరంగంలో పొగకు ఊపిరాడక సిబ్బంది స్పృహ తప్పగా, బండి వెనుకకు జారి ఘోర ప్రమాదం జరిగింది. 1910లో ఆ కనుమ మార్గాన్ని విద్యుదీకరించారు. 1905లో ప్రభుత్వం ప్రధాన రైలు మార్గాలను స్వాధీనం చేసుకున్నప్పుడు వేర్వేరు కంపెనీల పాత ఇంజన్లు ఒకే వరుస సంఖ్యల కిందికి వచ్చాయి. బూర్బొనే సంతతి 215వ తరగతి అయింది. ఏడ్రియాటిక్ కంపెనీ 1889 నుంచి తయారు చేయించిన మూడు ఇరుసుల ఇంజన్లు 290వ తరగతి అయ్యాయి. రాజ్యాలు కలిసిన 44 ఏళ్ళకు గాని రైళ్ళు కలవలేదు. పంథొమ్మిదో శతాబ్దంలో పుట్టిన ఆ ఇంజన్లు యార్డులలో బండ్లు సర్దుతూ ఇరవయ్యో శతాబ్దంలోనూ చాలాకాలం పనిచేశాయి.

పియెట్రార్సా కర్మాగారం 1975లో మూతపడింది. 1989లో అది జాతీయ రైల్వే మ్యూజియంగా తిరిగి తెరుచుకుంది. సముద్రాన్ని ఆనుకొని ఉన్న ఆ పాత శాలలలో నేడు ఇంజన్లు బారులు తీరి నిలిచి ఉన్నాయి. వాటిని చూసేవారికి ఇత్తడి తళుకులు, ఎర్రరంగు చక్రాలు కనిపిస్తాయి. కాని వాటిని కలిపే కడ్డీల వైపు ఒక క్షణం చూడాలి. ఆరు చక్రాలలో ఏ ఒక్కటీ తనంత తానుగా బండిని లాగలేదు. బరువును సమంగా పంచుకున్నప్పుడే పట్టాకు పట్టు దొరికింది. ఇటలీ ఏకీకరణలో ఆ బరువు సమంగా పంచబడిందా అన్న ప్రశ్నకు జవాబు ఆ మ్యూజియం గోడల మధ్యనే ఉంది. 1863లో కార్మికులు నేలకొరిగిన చోటు కూడా అదే కదా.