పూరికప్పు నుండి బీమాపత్రము వరకు

భద్రాద్రి రామునకు గుడి కట్టించిన కంచెర్ల గోపన్న మా పాల్వంచ పరగణాకు తహసీలుదారుగా నుండెనన్న సంగతి తెలుగునాట ఎఱుగనివారు అరుదు. కాని ఆ కథలో భక్తి యెంత యున్నదో లెక్కయు అంత యున్నదని తలచువారు తక్కువ. దేవుని యింటికైన వ్యయమును ఎవరు భరింపవలెను, దానిని ఏ ఖాతాలో వ్రాయవలెను అను ప్రశ్న తానీషా దర్బారులో లేచి, ఆ తహసీలుదారును గోలకొండ చెరసాలకు పంపినది. కీర్తనలు మిగిలినవి, గుడి మిగిలినది, ప్రశ్నయు మిగిలియే యున్నది. రెండువందల యేండ్ల పిమ్మట అదే గోదావరికి ఆవల దుమ్ముగూడెములోను, ఈవల మా సీమలోను వెలసిన క్రైస్తవ దేవాలయముల ముందు అది వేఱొక రూపమున వచ్చి నిలిచెను: కట్టిన మందిరమును గాలివాననుండి కాచుట యెవరి పని?

1860లో నైజాము ప్రభువు భద్రాచలము తాలూకాను ఆంగ్లేయుల కొసగగా, నదికి ఎడమ దరి వారిది, పాల్వంచ సంస్థానమున్న కుడి దరి నైజాముది అయ్యెను. గోదావరిని వార్ధా దాక నౌకాయోగ్యము గావించి మధ్యపరగణాల ప్రత్తిని సముద్రమునకు దింపవలెనన్న ఆర్థర్ కాటను మహాసంకల్పము ననుసరించి దుమ్ముగూడెము వద్ద ఆనకట్ట కట్టుచున్న రోజులవి. ఆ పనిమీద వచ్చిన ఇంజనీరు హేగ్ దొర ప్రోద్బలముననే చర్చి మిషనరీ సొసైటీవారి కోయ మిషను అక్కడ వేరూనినది. 1871లో నౌకామార్గపు పని నిలిచిపోయెను. అనుకొన్న ఓడల బారులు రాలేదు. ఆనకట్టయు, దానితోపాటు మిషనును మిగిలినవి. ఆ పిమ్మట వచ్చిన జాన్ కెయిన్ పాదిరి కోయభాషను నేర్చి, భద్రాచలము రేకపల్లి తాలూకాలను గూర్చి 'ఇండియన్ ఆంటిక్వెరీ' పత్రికలో వ్రాసిన వ్యాసములు నేటికిని పరిశోధకులకు ఆకరములే.

అడవిపల్లెలలో నాటి ప్రార్థనామందిరము అనగా నాలుగు నిట్టాళ్లు, వెదురు తడికలు, పైన పూరికప్పు. పగలు బడి, ఆదివారము గుడి. దానికి బీమా యెక్కడిది? ఉండెను, అయితే కాగితముమీద గాదు. రోహిణి కార్తె ఎండలలో గడ్డి కోసి ఆరవేసి, మృగశిర చినుకు పడకముందే పల్లెవారందఱు ఒకచోట చేరి, కుళ్లిన వాసమును దీసి క్రొత్త వాసము వైచి, చెదలు పట్టిన త్రాళ్లను మార్చి, కప్పును మరల కప్పుకొనుచుండిరి. గాలిదుమారము కప్పును ఎగురగొట్టినచో నష్టము రెండు దినముల కాయకష్టము, తీర్చువారు దెబ్బతిన్నవారే. ఆ వ్యవస్థలో ప్రీమియము చెమట, గడువు ఒక యేడు, నవీకరణదినము రోహిణి కార్తె. దాని నెవ్వరును మఱచుట సాధ్యముగాదు, ఏలయన మఱచినవాని నెత్తిమీదనే వాన పడును. ఇంత నికరమైన బీమా ఆ తరువాత మన సంఘములకు మఱల దొరకలేదని నా అభిప్రాయము.

ఆంగ్లదేశములో సైతము దేవాలయములకు పూర్వము బీమా లేదు. గుడి తగులబడినను, గోపురము కూలినను రాజముద్రతో ఒక విజ్ఞాపనపత్రము వెలువడి, ఊరూర గుడులలో చదువబడి, చందాలు ప్రోగుచేయబడెడివి. దారిలో ఖర్చులక్రింద హరించినది పోగా శేషించినది కూలిన గుడికి చేరెడిది. 1828లో ఆ ఆచారము రద్దయ్యెను. 1666లో లండను దగ్ధమైన పిదప పుట్టిన అగ్నిబీమా వ్యాపారము ఇండ్లను అంగళ్లను దాటి గుడులకు వ్యాపించి, తుదకు 1887లో ఆంగ్లికను దేవాలయభవనముల కొఱకే ఒక ప్రత్యేక సంస్థ లండనులో వెలసెను. మన దేశమున సాధారణ బీమా వ్యాపారము 1850లో కలకత్తాలో నెలకొన్న ట్రైటన్ కంపెనీతో మొదలైనది. అయితే ఆ పత్రములకు మొదటి శత్రువు నిప్పు; గాలియు నీరును పిదప చేరినవి. మన తెలుగుతీరపు అనుభవమో దీనికి విలోమము. 1864 నవంబరు 1వ తేదీ రాత్రి బందరుమీద సముద్రము విఱుచుకొనిపడి సుమారు ముప్పదివేలమందిని పొట్టన బెట్టుకొన్నది. రాబర్ట్ నోబుల్ పాదిరి 1841 నుండి పాటుపడిన మిషనుస్థలము కూడ ఆ రాత్రి నీట మునిగినదే.

పూరిపాక పోయి పక్కామందిరము వచ్చుటకు డబ్బు కావలసివచ్చినది. ఆ డబ్బు పుట్టిన చోటు చిత్రమైనది. 1912లో తొలి భారతీయ ఆంగ్లికను బిషప్పుగా అభిషిక్తుడై దోర్నకల్లు పీఠమెక్కిన వేదనాయకం శామ్యూలు అజరయ్య ఏలుబడిలో స్త్రీలు వంటకు కొలుచుకొన్న బియ్యములోనుండి పిడికెడు తీసి వేఱుగా ఉంచుట ఒక నియమమయ్యెను. పిడికెడు బియ్యము, కోతపండుగ కానుక, కోడిపిల్ల, గ్రుడ్డు: వీనితో ఉపదేశకుల జీతములు గడచినవి, గోడలు లేచినవి. గుడిగోపురమును మినారును హిందూదేవాలయపు స్తంభములను ఒకచోట కూర్చిన దోర్నకల్లు కెథడ్రలు 1939 జనవరి 6న ప్రతిష్ఠితమైనది. పల్లెగుడులు అంత యెత్తు పోలేదు. అవి బెంగుళూరు పెంకు దాక వచ్చి ఆగినవి. మనము బెంగుళూరు పెంకని పిలుచు ఈ పలుకను మొదట కాల్చినది మంగుళూరులో, 1865లో, బాసెల్ మిషనువారి కార్ఖానాలో నన్న సంగతి ఇచట చెప్పక మానలేను. పెంకు దాటి సిమెంటు రేకు, రేకు దాటి స్లాబు.

పాల్వంచలో ఈ మార్పు వడిగా నడచినది. 1960ల మధ్యలో ఇచట థర్మల్ విద్యుత్కేంద్రము వెలసినది. కిన్నెరసానికి ఆనకట్ట పడినది. 1980లో దేశమున కెల్ల మొదటి స్పాంజ్ ఐరను ఇచటనే తయారైనది. పనులకై తరలివచ్చిన కుటుంబములతో కాలనీలును, కాలనీలతో గుడులును, గుడులతో ప్రహరీలు, గంటలు, మైకుసెట్లు, జనరేటర్లును పెరిగినవి. గడ్డికప్పునాడు పోగొట్టుకొనుటకు ఏమియు లేనివారు ఇప్పుడు లక్షల సొత్తుకు ధర్మకర్తలైరి. ధర్మకర్తలను మాట ఊరక అనలేదు: 1947లో దక్షిణ ఇండియా సంఘము ఏర్పడినపుడు ఆస్తులను నిలుపుకొనుటకై ట్రస్టు అసోసియేషను ఒకటి రిజిస్టరైనది, దాని యాజమాన్యమందున్న గుడిని వాడుకొనువారు ఇచట, పట్టాదారు మదరాసులో. బీమాపత్రముపై ఎవరి పేరుండవలెనను చిక్కు అచ్చటనుండియే ప్రారంభము.

1973 జనవరి 1న సాధారణ బీమా వ్యాపారము జాతీయమై, నూటయేడు సంస్థలు నాలుగింటిలో కలిసిపోయినవి. కాలక్రమమున గుడియు బడియు ఆసుపత్రియు ఒకే కోవలో చేర్చబడి, తక్కువ రేటుకు అగ్నిబీమా పొందసాగినవి. పిడుగు, తుపాను, వరద ఇందులో చేరియుండును. అయినను కొంత ప్రీమియము తగ్గునని తుపాను వరదలను మొదటనే కొట్టివేయించుకొను వెసులుబాటు కూడ చిరకాలముండెను. ఆదా చేసితిమని సంతసించిన పెద్దలు గతించిరి. కొట్టివేత మాత్రము ఏటేట నవీకరింపబడుచునే యుండును.

నేనెఱిగిన ఒక సంఘములో ఈ పత్రము బాప్తిస్మపు రిజిస్టర్లతో కూడ ట్రంకుపెట్టెలో భద్రముగా నుండెను. తీసి చూడగా భవనపు విలువ పెంకు వేసిన నాటిది. స్లాబు దానికి తెలియదు, ప్రహరీగోడ దానికి తెలియదు. దీని ఫలితమును అంకెలలో చెప్పెదను. మరల కట్టుటకు 40 లక్షలగు గుడిని 10 లక్షలకే వ్రాయించి, గాలివానలో 4 లక్షల నష్టము పొందినచో, నాల్గవవంతుకే బీమా యున్నది గనుక వచ్చునది నాల్గవవంతే, అనగా ఒక లక్ష. అందును ప్రకృతి వైపరీత్యములకు పాత నియమము ప్రకారము నూటికి 5, కనీసము పదివేలు, మన తలమీద మిగులుచుండెను. కొందఱు దీనికి విరుద్ధముగా స్థలపు ధరను కూడ కలిపి వ్రాయింతురు. భూమిని ఏ గాలియు ఎత్తుకొనిపోదు. ఆ ప్రీమియము వ్యర్థము.

ఇంకొక నిబంధన మా అడవిపల్లెలకు మఱింత కఠినమైనది. భవనము వాడుకలో లేక 30 దినములకు మించి ఖాళీగా పడియున్నచో, ముందుగా చెప్పి కంపెనీ సమ్మతి వ్రాయించుకొననియెడల, ఆ పత్రపు రక్షణ తొలగిపోవును. అయ్యగారు బదిలీయై, క్రొత్తవారు రాక, తాళము పడిన పల్లెగుడి యెన్ని నెలలు అట్లుండునో మాకు తెలియును. పూరికప్పునాడు తాళము లేదు. ఖాళీయన్న మాటయు లేదు.

ఉపద్రవమో, తిథి చూచుకొని రాదు. 1986 ఆగస్టులో భద్రాచలమున గోదావరి 75.6 అడుగులెత్తి పొంగెను. మూడవ ప్రమాదహెచ్చరిక 53 అడుగులకే యెగురును. 2022 జూలైలో మరల 71.3 అడుగులు. బంగాళాఖాతపు వాయుగుండము కార్తికములోనే పుట్టవలెనన్న నియమము లేదు: 1990 మే నెలలో కోస్తాను తుపాను తాకినది. గట్టెక్కిన పిదప బీమా సర్వేయరు వచ్చి మొదట అడుగునది జాబితా, ఫొటో, కట్టుబడి లెక్క. నష్టపు వివరములు పదునైదు దినములలో ఇయ్యవలెనని పలు పత్రములలో నుండును. పాస్టరేట్ కమిటీ సమావేశమగుటకే మనకు పదునైదు దినములు పట్టును.

కావున పెద్దలారా, ఈ యేడు రోహిణి కార్తె పోకముందే ఆ ట్రంకుపెట్టె తెఱవుడు. ఇంజనీరును పిలిచి, స్థలమును విడిచి కట్టడమునకు మాత్రమే నేటి ఖర్చు వేయింపుడు. ప్రహరీని, గంటను, హార్మోనియమును, జనరేటరును పేరుపేరున వ్రాయింపుడు. తుపాను వరదల మాట పత్రములో నున్నదో కొట్టివేయబడినదో వ్రేలుపెట్టి చూపుమని ఏజెంటు నడుగుడు. తాళము వేసిన గుడులను వేఱుగా చెప్పుడు. అటుపిమ్మట, గడువుతేదీ ఏ కార్తెలో పడుచున్నదో ఒకసారి చూచుకొనుడు.