మెటాప్లేసియా: ఒక మాట వెనుక కథ

ఎండోస్కోపీ తర్వాత వచ్చే బయాప్సీ నివేదికలో 'మెటాప్లేసియా' అన్న మాట కనిపించగానే దానిని 'నియోప్లేసియా' అనుకొని బెంబేలెత్తేవారు ఉన్నారు. రెండింటి తోక ఒక్కటే, తలలు వేరు. నియోప్లేసియా అంటే కొత్త పెరుగుదల, అనగా కణితి. మెటాప్లేసియా అంటే ఒక రకం పరిణత కణజాలం ఉండవలసిన చోట మరొక రకం పరిణత కణజాలం ఏర్పడడం. అది కేన్సరు కాదు. అలాగని పట్టించుకోకుండా వదిలేయదగినదీ కాదు.

'ప్లేసియా'కు మూలమైన గ్రీకు క్రియకు మలచడం అని అర్థం, కుమ్మరి మట్టిని మలచినట్టు. ప్లాస్టిక్, ప్లాస్టర్, ప్లాస్మా అన్నీ ఆ ఇంటి పిల్లలే. 'మెటా' ఇక్కడ మార్పును సూచిస్తుంది. వైద్యుల కంటె చాలా ముందే ప్రాచీన వైయాకరణులు దీనికి చుట్టమైన 'మెటాప్లాజమ్' అనే మాటను వాడారు. పదం తన సహజరూపం విడిచి మరో రూపం దాల్చడం, ముఖ్యంగా ప్రథమావిభక్తిలో లేని ప్రాతిపదిక తక్కిన విభక్తులలో ప్రత్యక్షం కావడం దాని అర్థం. 'ఇల్లు' 'ఇంటి' అయ్యే, 'ఏరు' 'ఏటి' అయ్యే మన ఔపవిభక్తికాలు తెలిసిన పాఠకుడికి ఈ పోలిక కొత్తగా అనిపించదు.

వైద్యంలో ఈ మాటను స్థిరపరచినవాడు జర్మన్ రోగవిజ్ఞాన శాస్త్రవేత్త రుడాల్ఫ్ ఫిర్ఖో (ఇంగ్లీషువారి నోట విర్కో). ప్రతి కణమూ మరొక కణం నుంచే పుడుతుందన్న సూత్రాన్ని 1855లో ప్రచారంలోకి తెచ్చినవాడూ ఆయనే. 1884లో కోపెన్‌హేగెన్‌లో జరిగిన అంతర్జాతీయ వైద్య మహాసభలో ఆయన మెటాప్లేసియాపై ప్రసంగించాడు. కణాలు నిలిచే ఉంటాయి, కణజాలపు స్వభావం మాత్రం మారిపోతుంది. స్థూలంగా ఇదీ ఆయన చెప్పినది. మృదులాస్థి ఎముకగా మారడం వంటివి ఆయన దృష్టిలోని ఉదాహరణలు.

ఈ వాదం వెనుక ఒక పాత పంతం కూడా ఉంది. ఉపకళా కణజాలంలో కనిపించే కేన్సర్లు సైతం సంయోజక కణజాలం నుంచే పుడతాయని ఫిర్ఖో చాలాకాలం నమ్మాడు. 1865లో థీర్ష్, 1867లో వాల్డేయర్ ఆ నమ్మకాన్ని దెబ్బతీశారు: ఉపకళ కేన్సరుకు తల్లి ఉపకళే. కణజాలాల మధ్య గోడలు ఫిర్ఖో ఊహించినంత పలుచన కావని తేలింది. అయినా మాట చావలేదు. దాని పరిధి కుదించుకుపోయింది. ఉపకళ మరో రకం ఉపకళగా, సంయోజక కణజాలం మరో రకం సంయోజక కణజాలంగా మారడానికి అది ఎక్కువగా పరిమితమైంది. సిద్ధాంతం ఓడిపోయినా పేరు గెలవడం శాస్త్రచరిత్రలో అరుదేమీ కాదు.

పొగ తాగేవారి శ్వాసనాళాలు దీనికి ప్రసిద్ధ ఉదాహరణ. అక్కడ సహజంగా ఉండేవి శైలికలున్న స్తంభాకార కణాలు. కళ్ళెను, దుమ్మును పైకి నెట్టడం వాటి పని. ఏళ్ళ తరబడి పొగ తగిలితే వాటి స్థానంలో చర్మాన్ని పోలిన పొలుసుల ఉపకళ వస్తుంది. అది పొగకు ఓర్చుకుంటుంది గాని ఊడ్చే పని చేయలేదు. ఎ-విటమిన్ లేని ఆహారం పెట్టిన ఎలుకలలోనూ ఇటువంటి మార్పే వస్తుందని వోల్‌బాక్, హోవ్ 1925లో వర్ణించారు. శ్రీకాకుళం ప్రాంతపు స్త్రీలలో కనిపించే 'అడ్డపొగ' అలవాటు, అంటే చుట్ట నిప్పుకొనను నోటి లోపల ఉంచుకొని తాగడం, ఈ చర్చకు బయటిది కాదు. పిండ్‌బోర్గ్, మెహతా ప్రభృతులు 1971లో 10,169 మంది గ్రామీణుల అంగిళ్ళను పరిశీలించి నివేదిక ప్రచురించారు. అంగిటి ఉపకళ సహజంగానే పొలుసుల రకం కనుక అది మందమెక్కుతుంది. అక్కడి చిన్న లాలాజల గ్రంథుల నాళాలలో మాత్రం అసలైన మెటాప్లేసియా కనిపించవచ్చు.

ఆహారవాహికలో కథ తిరగబడుతుంది. అక్కడ ఉండవలసినది పొలుసుల ఉపకళ. జీర్ణాశయపు ఆమ్లం, పైత్యరసం పదేపదే ఎగదన్నితే పేగును పోలిన స్తంభాకార కణాలు వస్తాయి. దీనికి పేరిచ్చిన శస్త్రవైద్యుడు నార్మన్ బారెట్ 1950లో దానిని పైకి లాగబడిన జీర్ణాశయమనే వాదించాడు. అది ఆహారవాహికేనని 1953లో ఆలిసన్, జాన్‌స్టన్ చూపించారు. 1957లో బారెట్ ఒప్పుకున్నాడు గాని పుట్టుకతో వచ్చినదనుకున్నాడు. ఆమ్లం ఎగదన్నడం వల్ల అది తర్వాత కూడా రావచ్చునని 1970లో బ్రెమ్నర్ బృందం కుక్కలపై చేసిన ప్రయోగాలు సూచించాయి. పొరపడిన మనిషి పేరే ఆ స్థితికి స్థిరపడింది! కణాల అమరిక చెదరకుండా ఉన్నవారిలో ఇది కేన్సరుగా మారే అవకాశం ఏడాదికి ఒక శాతం కన్నా తక్కువే. అయినా వైద్యులు ఎండోస్కోపీతో గమనిస్తూ ఉండమనడం అందుకే.

మరి మారేది కణమేనా? పొలుసు కణమే వేషం మార్చి స్తంభాకార కణం అవుతుందని ఫిర్ఖో మాటను బట్టి అనిపిస్తుంది. చాలా సందర్భాలలో మారేది అడుగునున్న మూలకణాల దారి అని ఇప్పటివారు భావిస్తారు. పాత కణం రాలిపోతుంది, కొత్త కణం మరో ఆదేశంతో పెరుగుతుంది. అయితే 2006లో తకహాషి, యమనక ఎలుకల పరిణత కణాలలో నాలుగు జన్యువులను ప్రవేశపెట్టి వాటిని మూలకణాల వంటి స్థితికి మరల్చారు. అది మెటాప్లేసియా కాదు గాని, పరిణత కణం కూడా తన గుర్తింపును వదులుకోగలదని తేలింది. ఆ ఒక్క విషయంలో ఫిర్ఖో పాత మాట మళ్ళీ వినదగినదయింది.

తెలుగులో దీనిని ఏమనాలి? 'రూపవిక్రియ' అప్పటికే కప్పలకు, సీతాకోకచిలుకలకు చెందినది. 'వికృతి' వ్యాకరణంలో నిర్దోషమైన మాటే అయినా, నివేదిక చేతబట్టుకున్న రోగి చెవికి అలా వినిపించదు. 'కణజాల పరివర్తన' అంటే ఎవరూ ఉలిక్కిపడరు.