కాలువ లెక్కయు రైతు లెక్కయు

పొయ్యి యొకటి, వంటకములు నాలుగు, కట్టెలు కొద్ది. అట్టివేళ ఏది ముందు పొయ్యి కెక్కింపవలయునో, ఏది ఉడుకుచుండగా ఏది తఱుగవలయునో ఎఱుగని గృహిణి మన యిండ్లలో లేదు. ఉన్నదానిని తగినట్లు పంచి అధికఫలమును రాబట్టు ఈ నేర్పునే నేటి గణితవేత్తలు శాస్త్రముగా మలచి, కర్మాగారముల ఉత్పత్తికిని, యంత్రములకు పని వంతులు నిర్ణయించుటకును వినియోగించుచున్నారు. శాస్త్రము క్రొత్తదియే గాని, అది విడదీయు చిక్కు క్రొత్తది కాదు. ఏడాది వర్షము సామాన్యముగ 30 అంగుళములు దాటని కర్నూలు, కడప సీమలందు ఆ చిక్కు ఆఱు శతాబ్దములుగా ప్రజల జీవనమునే పరీక్షించుచున్నది. ఆ వృత్తాంతము నించుక చదువరులకు విన్నవింపదలచితిమి.

కడపసీమలోని పోరుమామిళ్ల చెఱువుకడ 1369వ సంవత్సరపు సంస్కృతశాసన మొకటి కలదు. విజయనగరప్రభువగు మొదటి బుక్కరాయల కుమారుడు భాస్కరుడు ఆ చెఱువును కట్టించెను. రెండేండ్లపాటు దినమునకు 1000 మంది పనివారు పాటుపడిరనియు, రాళ్లు చేరవేయుటకు 100 బండ్లు నడచెననియు శాసనము చెప్పుచున్నది. ఇంతటితో నిలువక, మంచి చెఱువునకు 12 సాధనములను, 6 దోషములను అది లెక్కించినది. ధర్మాత్ముడగు ప్రభువు, జలశాస్త్ర మెఱిగినవాడు, గట్టి నేల, చేరువ రాతిగని, నేర్పరులగు పనివారు సాధనములలోనివి. దోషములలో రెండు మిక్కిలి గమనింపదగినవి: నీరు స్వల్పమై భూమి విస్తారమగుట యొకటి, భూమి స్వల్పమై నీరు అధికమగుట మఱియొకటి. అనగా నీటిని ఒంటరిగా కొలిచిన చాలదు, భూమిని ఒంటరిగా కొలిచినను చాలదు. ఒకదానికి మఱియొకటి సరిపడవలయును. ఆ చెఱువులక్రింద గ్రామమునకు నీరుగంటి యుండెడివాడు. ఎవరి మడికి ఏ వంతున ఎంతసేపు తూము తీయవలయునో చూచుట అతని పని. అతనికి గణితగ్రంథము తెలియకపోయినను, ప్రతిమడియు, ప్రతిరైతును తెలియును.

శాసనము వెలసిన 5 శతాబ్దములకు కర్నూలు కడప కాలువ వచ్చినది. గోదావరి ఆనకట్టతో కీర్తి గాంచిన సర్ ఆర్థర్ కాటను దొర, తుంగభద్రను పెన్నతో కలిపి, పొలములకు నీరును, పడవలకు మార్గమును ఒక్కసారిగా సమకూర్పవచ్చునని తలచెను. లండనులో నేర్పడిన మదరాసు ఇరిగేషను కంపెనీ ఆ పనికి పూనుకొన్నది. 10 లక్షల పౌనుల మూలధనముపై నూటికి 5 వంతున వడ్డీకి ప్రభుత్వము పూచీపడినది. సుంకేసులకడ ఆనకట్ట కట్టిరి. కర్నూలు పట్టణమున హంద్రీనదికి పైగా నీటిని దాటించిరి. మిట్టకందాలకడ మెట్టను త్రవ్వి కుందూలోయలోనికి దింపి, కడపవఱకు సుమారు 190 మైళ్ల కాలువను 1871 నాటికి నడపిరి. శిల్పదృష్టిచే నిది యద్భుతమే. కాని కంపెనీ ఆశించిన ఆయకట్టులో స్వల్పభాగమునకు మాత్రమే రైతులు నీరు పట్టిరి. 1876-78 నాటి మహాక్షామమున నీటికై జనము వచ్చిరి. వానలు మరలినంతనే వెనుదీసిరి. తుదకు 1882లో ప్రభుత్వమే కాలువను కొనవలసివచ్చినది.

ఇట్టి సందర్భములందు రైతు మూఢుడనుట విద్యావంతులకు సులభము. మేమును బాల్యమున అట్లే వింటిమి. నీరు గుమ్మములోనికి వచ్చినను వలదనువాడు మూఢుడు గాక మఱెవ్వడు? కాని నిందించుటకు ముందు రైతు లెక్కను గూడ వేసి చూతము.

ఒక రైతునకు 10 ఎకరముల నల్లరేగడి కలదనుకొందము. కాలువనుండి అతడు పొందగల తడులు 44. ఎకరము వరికి 8 తడులు కావలయును. నీటిరుసుము గాక 50 రూపాయలు మిగులును. కఱవేట ఎకరము జొన్నకు 2 తడులు కావలయును. 20 రూపాయలు మిగులును. అంతయు వరియే వేసినచో ఐదున్నర ఎకరములకే నీరు చాలును. వచ్చునది 275 రూపాయలు. అంతయు జొన్నయే వేసినచో 200. వరి 4 ఎకరములు, జొన్న 6 ఎకరములు వేసినచో 320. ఇంతకంటె నెక్కువ ఏ విధముగను రాదు. మఱియొక తడి దొరకినచో రాబడి సరిగా 5 రూపాయలు పెరుగును. కాబట్టి ఆ యేట ఆ రైతునకు తడియొక్క అంతర్మూల్యము 5 రూపాయలు.

ఇక మంచి వానలు పడిన యేడు చూతము. నల్లరేగడి తేమను నిలుపుకొనును గావున జొన్నకు కాలువనీరే అక్కఱలేదు. అప్పుడు తడి అంతర్మూల్యము 3 రూపాయల 75 పైసలకు దిగును. పాతలెక్కలో 3 రూపాయల 12 అణాలు. కాలువవారు తడికి 4 రూపాయలు అడిగిరనుకొందము. కఱవేట రైతు 44 తడులును కొనును. మంచియేట ఒక్క తడియైనను కొనడు. ఏలయన రుసుము పోగా ఎకరము వరికి 18 రూపాయలు మిగులగా, నీరు లేని జొన్నకు 20 మిగులును. ఈ యంకెలు మేము దృష్టాంతమునకు కల్పించినవే. అయినను క్షామమున చేరి, వానరాగానే తొలగిన ఆ రైతుల నడతకు కారణమిందు కనబడుచున్నది. వరికి చదునుచేయుట, ఎరువు, ఎడ్లు, కూలి వేఱుగా కావలయునని తలచినచో ఆ కారణము మఱింత బలపడును. రైతు లెక్క తప్పలేదు. కంపెనీ లెక్కలో రైతు లేడు. వడ్డీకి పూచీ యుండగా రైతు మనసు కనుగొనవలసిన తొందరయు దానికి లేకపోయినది.

ఇట్టి లెక్కను శాస్త్రముగా మొదట కూర్చినవాడు రష్యాదేశీయుడగు కాంటొరోవిచ్. లెనిన్‌గ్రాడులోని ప్లైవుడ్ సంస్థవారు ఏ యంత్రముపై ఏ కలప వేసినచో ఎక్కువ సరకు వచ్చునని యడుగగా, ఉత్పత్తి ప్రణాళికకు గణితమార్గమును అతడు 1939లో ప్రకటించెను. మేము అంతర్మూల్యమనినది అతని విధానములో ప్రధానాంగము. 1947లో అమెరికా వైమానికదళమున పనిచేయుచున్న డాంట్‌జిగ్ ఎంత పెద్ద లెక్కకైనను పనికివచ్చు సింప్లెక్స్ పద్ధతిని కనిపెట్టెను. దానికి తొలిపరీక్షలలో నొకటి వంటింటి విషయమే యగుట గృహిణులకు ముచ్చట గొల్పును. 77 ఆహారపదార్థములనుండి 9 పోషకములు చాలునట్లు అతితక్కువ వెచ్చమున భోజనము కూర్చుటకు, చేతియంత్రములపై లెక్క వేయగా సుమారు 120 మనుష్యదినములు పట్టినవట! 1975లో కాంటొరోవిచ్, కూప్‌మన్సులకు నోబెల్ బహుమానము లభించినది. మన తెలుగునాట ఈ విద్య ఆలస్యముగ అడుగిడలేదు. భారతదేశమున కార్యపరిశోధనకై తొలి విభాగము 1949లో హైదరాబాదు ప్రాంతీయ పరిశోధనాలయమున వెలసినది. 1953లో కలకత్తా గణాంకసంస్థలో మహలనోబిసు దేశప్రణాళికలకై మఱియొక విభాగమును నెలకొల్పెను.

నేడు కర్నూలు, కడప సీమలలో సున్నపురాతిగనుల నాశ్రయించి బేతంచెర్ల, ఎఱ్ఱగుంట్ల ప్రాంతములందు సిమెంటు కర్మాగారములు వెలసినవి. సిమెంటు కిల్నును ఊరక ఆర్పి వెలిగించుట మిక్కిలి నష్టము. ఏ గనిరాయి ఎంతపాలు కలుపవలయును, ఏ మరమ్మతు ఎప్పుడు చేయవలయును, ఏ సరకు ముందు పంపవలయును అనునవి ఇట్టి లెక్కలకు తగినవే. వానివలన బొగ్గు మిగులును, కాలము మిగులును. కాని యంత్రమునకు విరామము వ్రాసి, రాత్రివంతు చేయు కూలివాని నిద్రను వ్రాయకున్నచో, ఆ పట్టిక కాలువ కంపెనీ పట్టికకు తోబుట్టువే యగును.

కాలువకథ ముగియలేదు. 1976లో తుదిరూపు దాల్చిన కృష్ణాజలవివాదముల తీర్పు కర్నూలు కడప కాలువకు 39.9 టీఎంసీల నీటిని నిర్ణయించినది. ఆయకట్టు సుమారు 2 లక్షల 65 వేల ఎకరములు. నాడు నీరు కొనువారు లేక కాలువ చిన్నబోయినది. నేడు నీరు చాలక కడపవైపు చివరి మళ్ల రైతు ఆకసమువంక చూచుచున్నాడు. పోరుమామిళ్ల శాసనము చెప్పిన రెండు దోషములును ఒక్క కాలువయే వంతులవారీగా అనుభవించినది! మొత్తపు దిగుబడి అధికమగుటయే లక్ష్యమన్నచో, నీరు దారిలో నష్టపోవుటచే చివరి మడిని విడిచివేయుమని గణితము నిర్దాక్షిణ్యముగ చెప్పవచ్చును. చివరి మడికి ఇంత తప్పక చేరవలయునని మనము ముందుగా నియమము వ్రాసినచో, ఆ నియమమునకు లోబడియే ఉత్తమమార్గమును చూపును. గణితము మన యానతిని నెఱవేర్చునది గాని, మనకు ధర్మము నేర్పునది కాదు.

కావున చదువుకొన్న మన బిడ్డలు ఈ శాస్త్రమును తప్పక నేర్వవలయును. నేర్చినపిదప, పట్టికకు ముందు పొలమునకు పోయి, నీరుగంటి యడిగినట్లు ఎవరి మడి ఎక్కడ నున్నదని యడుగవలయును. పోరుమామిళ్ల శాసనకర్త జలశాస్త్ర మెఱిగినవానిని సాధనములలో నొకనిగా లెక్కించెను. ధర్మాత్ముడగు ప్రభువును గూడ లెక్కించెను. ఇరువురిలో నొకరు లోపించినను చెఱువు నిలువదని మా నమ్మకము.