ముళబాగిలు చలియు, డీజిల్ బండియు

మైసూరు సీమకు తూర్పున ఉన్న వాకిలి గనుక కన్నడములో మూడల బాగిలు అనిరి. ఆ మాటయే నోళ్లలో నలిగి ముళబాగిలు అయినది. ఆంజనేయస్వామి గుడి, నరసింహతీర్థమున శ్రీపాదరాజుల బృందావనము, దాపుననే కురుడుమలె వినాయకుడు ఉన్న ఈ ఊరిలో కన్నడముతోపాటు తెలుగు ధారాళముగా వినబడును. దోసె సంగతి వేరే చెప్పనక్కరలేదు. మదరాసు నుండి బెంగుళూరు పోవు పాతబాట ఈ ఊరి మీదుగానే సాగినది. చిత్తూరు సముద్రమట్టమునకు సుమారు 1,100 అడుగుల ఎత్తున ఉన్నది. అక్కడ నుండి మొగిలి ఘాటు ఎక్కి, పలమనేరు దాటి, నంగలి మీదుగా ముళబాగిలు చేరునప్పటికి 2,700 అడుగులు అగును.

బెంగుళూరులో స్థిరపడిన మన కుటుంబములు పండుగలకు స్వస్థలము పోవు దారి ఇదే. సంక్రాంతి దినములలో ఈ పీఠభూమిపై తెల్లవారుజామున చలి 12, 15 డిగ్రీల దగ్గర ఉండును. ముందురాత్రి సలక్షణముగా వచ్చిన డీజిల్ బండి అప్పుడు మొరాయించును. సెల్ఫ్ కొట్టగా తిరుగును, కాని అంటుకొనదు. పిల్లలు వెనుకసీటులో దుప్పటి కప్పుకొని కూర్చుందురు. చూడవచ్చిన వారందరును ఒకే మాట అందురు: “చలికి పట్టేసినదండీ.” అటుపై బ్యాటరీ దిగిపోవువరకు సెల్ఫ్ కొట్టుట, తరువాత ఏ దోషమును లేని పంపును విప్పించి వేల రూపాయలు వదిలించుకొనుట జరుగుచున్నవి.

మా అభిప్రాయములో ఈ పాటి చలి ఆరోగ్యముగా ఉన్న ఇంజనును ఆపజాలదు. లోపల దాగియున్న జబ్బును బయటపెట్టును, అంతే. ఆ జబ్బు ఏదో తెలియవలెనన్న, డీజిల్ ఇంజనులోనికి వేడి ఎట్లు వచ్చినదో ఆ చరిత్ర కొంచెము తెలియవలెను.

సైకిలుకు గాలి కొట్టినవారికి పంపు అడుగు చేతికి వేడిగా తగులుట తెలియును. గాలిని నొక్కిన కొలది వేడెక్కును. ముళబాగిలుకు నైరుతి దిక్కున ఉన్న కోలారు బంగారు గనులలో మనవారు ఈ సత్యమును చెమటతో తెలుసుకొన్నారు. ఛాంపియన్ రీఫ్ గని 3 కిలోమీటర్లకు మించిన లోతునకు దిగినది. పైనుండి పంపిన గాలి తన బరువు తానే మోయుచు దిగునప్పుడు ప్రతి 100 మీటర్లకు ఇంచుమించు ఒక డిగ్రీ వేడెక్కును. అనగా రాతివేడి తగులకముందే సుమారు 30 డిగ్రీలు చేరినవన్నమాట. అందుకే ఆ గనులకు గాలిని చల్లబరచు యంత్రములు కావలసివచ్చినవి. 1902లో శివసముద్రము నుండి 147 కిలోమీటర్ల తీగలపై వచ్చిన విద్యుత్తు ఆ గనుల యంత్రములను నడిపినది. 2001లో గనులు మూతబడినవి.

గనిలో శత్రువైన ఈ వేడినే రుడాల్ఫ్ డీజిల్ అను జర్మను ఇంజనీరు పనికి పెట్టదలచెను. 1892లో పేటెంటుకు దరఖాస్తు చేసి, 1897లో ఆగ్స్‌బర్గు కర్మాగారములో నమ్మదగిన ఇంజను నడిపి చూపెను. నిప్పురవ్వ అక్కరలేదు. గాలిని గట్టిగా నొక్కి, ఆ వేడిలోనికి నూనె చిమ్మిన అదే మండును. దీనికి కొంచెము ముందు 1890లో హెర్బర్ట్ ఆక్రాయిడ్ స్టూవర్ట్ అను ఆంగ్లేయుడు మరొక నూనె ఇంజనుకు పేటెంటు పొందెను. దానిని బయలుదేరదీయుటకు ముందు తలభాగమును బ్లోల్యాంపుతో కాల్చవలెను. చల్లని ఇంజనుకు అరువు వేడి ఇచ్చుట అను ఆచారమునకు ఇది తొలిరూపము అనవచ్చును.

మన బాటపై ఈ రెండు మార్గములును ఎదురెదురుగా నడిచినవి. 1954లో జంషెడ్‌పూరులో తయారగుట మొదలైన టాటా-మెర్సిడెస్ బెంజి లారీల ఇంజనులో ముఖ్యగది పక్కన ఒక చిన్న గది ఉండెడిది. నూనె ముందుగా అందులో మండి, సన్నని దారిగుండా పెద్దగదిలోనికి వచ్చును. చప్పుడు తగ్గును, నాసి నూనెకు కూడ సర్దుకొనును. కాని ఆ సందులలో దూరునప్పుడు గాలి తన వేడిని గోడలకు అప్పగించివేయును. కావున చిన్నగదిలో ఎర్రగా కాలు తీగ ఒకటి పెట్టవలసివచ్చినది. అదే గ్లో ప్లగ్. మన మెకానిక్కులకు హీటర్ ప్లగ్. మదరాసు దగ్గర ఎన్నూరులో తయారైన లేలండు కామెట్ లారీలో నూనెను నేరుగా పెద్దగదిలోనికే చిమ్ముదురు. దానికి హీటరు లేకయే ఈ చలిలో లేచును.

కార్లు మొదట బెంజి దారినే పట్టినవి. 1936లో బెర్లినులో చూపిన మెర్సిడెస్ 260 డి అట్టిదే. 1980 ప్రాంతమున హిందుస్తాన్ మోటార్సువారు అంబాసిడరులో పెట్టిన 1,489 సీసీల డీజిల్ ఇంజనును ఆ తెగలోనిదే. ఇట్టి ఇంజను మన ముళబాగిలు చలిలో కూడ హీటరు లేనిదే తేలికగా లేవదు. తాళము తిప్పి, కొంతసేపు ఆగి, పిమ్మట సెల్ఫ్ కొట్టుట ఆనాటి డ్రైవర్లకు నిత్యకృత్యము. పాత బెంజి ఏర్పాటులో ప్లగ్గులన్నియు దీపాల తోరణమువలె ఒకే వరుస తీగపై ఉండెడివి. ఒకటి మాడిన అన్నియు ఆరిపోవును. తరువాతి బండ్లలో దేని తీగ దానికే ఇచ్చిరి. ఒకటి పోయిన తక్కినవి పనిచేయును, బండి కుంటుచు లేచును. యజమానికి జబ్బు సంగతి తెలియదు. మూడవది కూడ పోయిన దినమున చలిపై నింద పడును.

ఇక పరీక్ష. మొదట సెల్ఫ్ చప్పుడు వినుడు. మెల్లగా, ఈడ్చుచు తిరిగిన బ్యాటరీయో, తుప్పుపట్టిన టెర్మినలో, చలికి చిక్కబడిన ఆయిలో కారణము. మెల్లగా నొక్కిన గాలికి వేడి నిలువదు. హీటర్లు మంచివైనను లాభము లేదు.

చురుకుగా తిరిగియు అంటుకొననిచో, ఒకరు సెల్ఫ్ కొట్టుచుండగా మరొకరు సైలెన్సరు చూడవలెను. ఖర్చులేని ఈ పరీక్షను మనవారు ఏల మరతురో మాకు తెలియదు. తెల్లనిపొగ వచ్చినచో నూనె లోపలికి పోవుచున్నది, మండుట లేదు. వేడియో, నొక్కుడో తక్కువైనది. పొగ బొత్తిగా లేనిచో నూనెయే చేరుట లేదు.

పొగ ఉన్నచో హీటర్లు చూడుడు. ప్లగ్గుపై తీగ ఊడదీసి, 12 వోల్టుల దీపపు ఒక కొసను బ్యాటరీ ప్లస్సుకు, రెండవ కొసను ప్లగ్గు తలకు తాకించవలెను. దీపము వెలిగిన ప్లగ్గులో తీగ తెగలేదు. వెలుగనిది మాడినది. అన్నియు మంచివైనచో వానికి కరెంటు ఇచ్చు రిలే, ఫ్యూజు చూడవలెను. అవియు సరియైనప్పుడే రింగులు, వాల్వుల అరుగుదల సంగతి. ఆ ఖర్చు పెద్దది గనుక చివరకు పెట్టినాము.

పొగ లేనిచో చేతిపంపుతో నూనె ఎక్కించి చూడుడు. వెంటనే బండి లేచినచో రాత్రి పైపులో గాలి పట్టినదని అర్థము. చలికి బిగుసుకొన్న పాత రబ్బరు గొట్టముల సందులలో గాలి దూరగా నూనె ట్యాంకుకు దిగిపోయినది. ఇట్టి బండికి హీటర్లు ఎన్ని మార్చినను ప్రయోజనము సున్న.

ఈథరు చిమ్ముట మాత్రము వలదు. ఎర్రగా కాలిన ప్లగ్గుపై అది పడిన ఇంజను తల పగులవచ్చును. ఉత్తరాది చలిలో కొందరు లారీవారు ట్యాంకు క్రింద గుడ్డలు మండించుట కలదు. అక్కడ నూనెయే మైనమువలె గడ్డకట్టును. లడఖు కొరకు ఇండియన్ ఆయిల్‌వారు 2019 నవంబరులో మైనస్ 33 డిగ్రీలవరకు పారు డీజిలును ప్రవేశపెట్టినారు. టొరంటో, చికాగోలలోని మనవారికి ఆ చలి పరిచితమే. ముళబాగిలులో నూనె గడ్డకట్టినదని ఎవరైన చెప్పిన నమ్మవలదు.

1997 తరువాత వచ్చిన కామన్ రెయిల్ కార్లు లేలండు మార్గమునకే మరలినవి. నూనె నేరుగా పెద్దగదిలోనే పడును. కంప్యూటరు చలిని కొలిచి, అవసరమైనంతసేపే ప్లగ్గును కాల్చును. మన పీఠభూమి చలిలో వానికి ఆ సాయము అంతగా అక్కరలేదు. కావున కొత్తబండి ముళబాగిలులో మొరాయించినచో హీటరును తరువాత తలచి, ముందు బ్యాటరీని, నూనె ఫిల్టరును, రెయిలులో ఒత్తిడిని చూపించుకొనవలెను. ఆ ఒత్తిడిని స్కానరు చూపును. కోలారులోనో బెంగుళూరులోనో స్కానరున్న షెడ్డుకు పోవువరకు పంపు విప్పనీయకుడు.