ఋతువు పోగొట్టుకున్న చేప

ముల్లు తీసేసిన సాల్మన్ ముక్క. దాని మీద వెల్లుల్లి, పార్స్లీ, సోయకూర కలిపిన మెత్తటి చీజ్. 200 డిగ్రీల ఓవెన్‌లో పావుగంట. అమెరికాలో, యూరప్‌లో రోజంతా పనిచేసి అలసి ఇల్లు చేరినవాళ్లు కూడా అవలీలగా చేసుకునే వంట ఇది. అక్కడ స్థిరపడిన తెలుగు ఇళ్లలో ఒకరోజు సాల్మన్ పులుసు పెడితే, ఇంకోరోజు పిల్లల కోసం ఇదే చేస్తుంటారు. కానీ డెబ్బై ఏళ్ల కిందట జనవరి నెలలో, మామూలు సంపాదన ఉన్న ఇంట్లో ఈ వంట చేయాలనుకుంటే దాదాపు ఎక్కడా కుదిరేది కాదు. తాజా సాల్మన్‌కు అది కాలం కాదు. డబ్బా విప్పి పూసేయడానికి వీలుగా వెల్లుల్లి, ఆకుకూరలు కలిపిన చీజ్ అప్పటికి బజారులోకి రాలేదు. ఈ రెండూ ఒక పళ్లెంలో కలవడానికి రెండు శతాబ్దాలు పట్టింది. ఆ దారిలో చేప తన ఋతువును పోగొట్టుకుంది. కొన్ని నదులు చేపనే పోగొట్టుకున్నాయి.

గోదావరి జిల్లాల వాళ్లకు ఈ చేప స్వభావం విడమరచి చెప్పక్కర్లేదు. వానాకాలంలో ఎర్రనీరు దిగగానే సముద్రంలోని విలస ఏటికి ఎదురీది వచ్చి పులస అవుతుంది. ఆ కొద్ది వారాలే దానికి గిరాకీ, దానికి రుచి. సాల్మన్‌దీ అదే దారి, కాకపోతే ఇంకా దూరం. చల్లటి ఏటి అడుగున గులకరాళ్ల మధ్య పుట్టి, కొంత పెరిగాక సముద్రానికి పోయి, అక్కడ బలిసి, గుడ్లు పెట్టడానికి పుట్టిన ఏటికే తిరిగి వస్తుంది. ఆ ఏటి నీటి వాసనను పట్టుకుని దారి పోల్చుకుంటుంది. నదిలో అడుగుపెట్టాక మేత మానేస్తుంది. ఒంట్లో దాచుకున్న కొవ్వే దానికి దారిబత్తెం. అమెరికాలోని ఐడహో రాష్ట్రంలో రెడ్‌ఫిష్ సరస్సుకు చేరే సాకై సాల్మన్ 1,400 కిలోమీటర్లకు పైగా ఎదురీది, సుమారు 2,000 మీటర్ల ఎత్తు ఎక్కుతుంది. పసిఫిక్ సాల్మన్ జాతులు గుడ్లు పెట్టాక అక్కడే చనిపోతాయి. అంత ప్రయాణానికి సరిపడా కొవ్వు నింపుకుని నది మొగదలకు వచ్చిన చేప కాబట్టే దానికి ఆ రుచి.

కాలంలో గుట్టలుగా వచ్చే చేపను మిగతా ఏడాదికి ఎలా దాచుకోవాలి? ఉప్పువేయడం, పొగబెట్టడం, గాలికి ఎండబెట్టడం పాత దారులు. 1786లో లండన్‌లోని ఈస్టిండియా హౌస్‌లో కొత్త దారి ఒకటి మాటల మధ్య దొరికింది. అక్కడ మాట్లాడుకున్న ఇద్దరూ స్కాట్లండ్ వాళ్లే. ఒకరు పార్లమెంటు సభ్యుడు జార్జ్ డెంప్‌స్టర్. రెండోవాడు అలెగ్జాండర్ డాల్రింపుల్. 1752లో, ఇంకా మీసకట్టు రాని వయసులో కంపెనీ గుమాస్తాగా కొలువు పొంది మద్రాసు వెళ్లి, తరవాత తూర్పు సముద్రాలు తిరిగి పటాలు గీసినవాడు. చైనా తీరంలో జాలర్లు పడవల్లో మంచు నింపుకుపోయి, పట్టిన చేపను అందులో పెట్టి తెస్తారని డాల్రింపుల్ చెప్పాడు. డెంప్‌స్టర్ వెంటనే పెర్త్‌లోని సాల్మన్ వ్యాపారికి ఉత్తరం రాశాడు. అప్పటిదాకా స్కాట్లండ్ సాల్మన్ లండన్ చేరాలంటే ఎక్కువగా ఉడికించి, వెనిగర్‌లో ఊరవేసి పీపాల్లో పంపేవారు. ఇక మంచులో పచ్చిగా పోవడం మొదలైంది. టే, ట్వీడ్ నదుల ఒడ్డున మంచు నిల్వచేసే ఇళ్లు లేచాయి. చైనా జాలరి తెలివి, మద్రాసు కొలువులో ఎదిగిన మనిషి చూపు, స్కాట్లండ్ చేప ఇలా ఒకచోట కలవడం నాకు ఈ కథలోకెల్లా ఇష్టమైన ఘట్టం.

మంచు చేపను దూరం పంపింది. కాలాన్ని దాటించింది మాత్రం రేకు డబ్బా. 1864లో హ్యూమ్ సోదరులు, ఆండ్రూ హాప్‌గుడ్ కలిసి కాలిఫోర్నియాలోని శాక్రమెంటో నదిపై సాల్మన్‌ను డబ్బాలకెత్తే పని మొదలుపెట్టారు. 1866లో కొలంబియా నదికి మారి, ఈగిల్ క్లిఫ్ అనేచోట ఆ ఏడాది 4,000 పెట్టెలు నింపారు. పెట్టెకు 48 డబ్బాలు, డబ్బాకు ఒక పౌను చేప. 1883 నాటికి అదే నది ఒడ్డున 39 ఫ్యాక్టరీలు, ఆరు లక్షలకు పైగా పెట్టెలు. చేప కోసే కత్తి దగ్గర నిలబడింది ఎక్కువగా చైనా నుంచి వలస వచ్చిన కూలీలు. ఇంగ్లండ్ మిల్లు కార్మికుడి బల్ల మీదికి సాల్మన్ చేరింది ఈ డబ్బాల్లోనే. కొలంబియా నదిలో చినూక్ జాతి సాల్మన్ రాక మాత్రం ఆ తరవాత మునుపటిలా లేదు. మిగిలిన చేపకు తర్వాతి శతాబ్దంలో ఆనకట్టలు అడ్డుపడ్డాయి. గ్రాండ్ కూలీ ఆనకట్టకు చేప ఎక్కే మెట్లే కట్టలేదు. దాని పైనున్న వందల కిలోమీటర్ల నది సాల్మన్‌కు మూసుకుపోయింది.

సెలైలో జలపాతం గురించి చెప్పకుండా ఈ చరిత్ర రాయకూడదనుకుంటాను. కొలంబియా నది నల్లరాతి బండల మధ్య ఇరుకుగా దూకే ఆ చోట యకామా, వార్మ్ స్ప్రింగ్స్, యుమటిల్లా, నెజ్ పెర్స్ తెగలవాళ్లు వేల ఏళ్లుగా చెక్క మంచెల మీద నిలబడి, పొడవాటి కర్రలకు కట్టిన వలలతో సాల్మన్ పట్టేవారు. 1805 అక్టోబరులో అన్వేషకులు లూయిస్, క్లార్క్ బృందం అటు వెళ్లినప్పుడు ఎండబెట్టి దంచిన సాల్మన్ బుట్టలు వరసగా పేర్చి ఉండటం చూసి రాసుకుంది. అది తిండీ, అమ్మకపు సరుకూ కూడా. దూరదూరాల తెగలు అక్కడికి వచ్చి మార్చుకునేవి. 1855 ఒప్పందాల్లో ఈ తెగలు భూమిని వదులుకున్నా, వాడుకలో ఉన్న చోట్ల చేపపట్టే హక్కును వదులుకోలేదు. 1957 మార్చి 10న డాల్స్ ఆనకట్ట తలుపులు మూశారు. కొన్ని గంటల్లో జలపాతం నీళ్లకింద మునిగిపోయింది. ఆ హక్కు ఎంతవరకు అన్న తగాదా కోర్టుకెక్కి, వాషింగ్టన్ రాష్ట్రంలోని తెగల విషయంలో 1974 ఫిబ్రవరి 12న న్యాయమూర్తి జార్జ్ బోల్ట్ తీర్పు ఇచ్చాడు: పట్టుకోదగిన సాల్మన్‌లో సగం దాకా వాటికి చెందుతుందని. తీర్పు వచ్చేనాటికి సెలైలో మునిగి దాదాపు పదిహేడేళ్లు.

ఇక ఇప్పుడు దుకాణంలో కనిపించే ఫిల్లెట్ సంగతి. అది చాలావరకు నదిలోంచి రావడం లేదు. 1970లో నార్వేలోని హిత్రా దీవిలో సివర్ట్, ఓవె గ్రోంట్‌వెట్ అనే అన్నదమ్ములు ఎనిమిది మూలల వల పంజరాన్ని సముద్రంలో దించి, అందులో అట్లాంటిక్ సాల్మన్ పిల్లల్ని వదిలి పెంచారు. అది నిలబడింది. అదే రోజుల్లో ట్రిగ్వె గ్యెద్రెమ్ అనే జన్యుశాస్త్రవేత్త సుమారు 40 నార్వే నదుల నుంచి చేపలు తెప్పించి, పశువుల్ని మేలుజాతి చేసినట్టే తరం తర్వాత తరం త్వరగా పెరిగేవాటిని ఎంచుతూ పోయాడు. నార్వే ఇప్పుడు ఏటా పది లక్షల టన్నులకు పైగా పెంచుతోంది. చిలీ, స్కాట్లండ్, కెనడా ఆ దారే పట్టాయి. పెంపకపు చేప కోతకు కాలమంటూ లేదు. జనవరి, జులై రెండూ ఒకటే.

రంగు కూడా అంతే. సముద్రంలో రొయ్యల్ని, క్రిల్‌ను తిన్న సాల్మన్ మాంసం వాటిలోని ఆస్టాజాంథిన్ వల్ల ఎర్రబడుతుంది. పంజరంలో చేపకు ఆ పదార్థాన్ని మేతలో కలిపి పెడతారు. ఎంత ఎరుపు కావాలో చూసుకోవడానికి 20 నుంచి 34 దాకా అంకెలు వేసిన రంగుల పట్టీ ఉంది. రోష్ కంపెనీ తయారుచేసింది. ముళ్లు లాగే యంత్రాలు వచ్చాయి. ఇలా ఏడాది పొడవునా ఒకే మందం, ఒకే రంగు, ఒకే కొవ్వు ఉన్న ముక్క తయారైంది. వంటల పుస్తకం ధైర్యంగా పావుగంట అని రాయగలిగేది ముక్క ఇలా ఉంటేనే.

దీని ఖర్చు నదులు భరిస్తున్నాయి. పంజరాల్లో పెరిగే సాల్మన్ పేలు పక్కగా ఈదుకుపోయే పిల్లచేపల్ని పట్టుకుంటున్నాయి. తప్పించుకున్న పెంపకపు చేపలు నదుల్లోకి వచ్చి అక్కడి జాతితో కలుస్తున్నాయి. సముద్రం వేడెక్కడం దీనికి తోడు. 2024 జూన్‌లో నార్వే ప్రభుత్వం 33 నదుల్లో సాల్మన్ వేటను ఆపేసింది. సాల్మన్‌ను ప్రపంచానికి పంచే దేశం తన నదుల్లో గాలం వేయవద్దని తన జనానికి చెప్పవలసి వచ్చింది. ఇది నన్ను బాధపెడుతుంది.

పైనున్న చీజ్ కథ ఇంత బరువైనది కాదు. 1870ల్లో న్యూయార్క్ రాష్ట్రంలోని చెస్టర్ ఊళ్లో విలియం లారెన్స్ అనే పాడిరైతు ఫ్రెంచి నూషటెల్ తరహా చీజ్‌కు మీగడ ఎక్కువ కలిపాడు. 1880లో ఆల్వా రేనాల్డ్స్ అనే వ్యాపారి దానికి ఫిలడెల్ఫియా పేరు పెట్టి అమ్మాడు. పాడి సరుకుకు ఆ నగరానికి ఉన్న మంచిపేరే కారణం. చీజ్ అక్కడ తయారైంది కాదు. వెల్లుల్లి, ఆకుకూరలు కలిపింది మాత్రం ఫ్రాన్స్. నార్మండీలో భోజనం బల్ల మీద తెల్లటి తాజా చీజ్, పక్కనే తరిగిన ఆకుకూరలు పెట్టి ఎవరికి వారు కలుపుకోవడం వాడుక. ఫ్రాంస్వా బూర్సాన్ 1957లో తన పేరుతో మీగడ చీజ్ తెచ్చాడు. 1961లో ఒక పత్రిక, బూర్సాన్ వెల్లుల్లి చీజ్ తెచ్చాడని రాసింది. నిజానికి అది పోటీదారుడి సరుకు. అయినా జనం దుకాణాలకు వచ్చి అడిగారు. ఆయన రెండేళ్లు కష్టపడి, వెల్లుల్లి, ఆకుకూరలు కలిపిన చీజ్‌ను 1963లో నిజంగానే తెచ్చాడు.

అదే దశాబ్దం మొదట్లో, ఫ్రాన్స్‌లోనే, రొఆన్ పట్నంలో రైల్వేస్టేషన్ ఎదుట హోటల్ నడిపే ట్రువాగ్రో అన్నదమ్ములు, జాన్, పియెర్, సాల్మన్ వండే తీరునే మార్చారు. మందపాటి అడ్డముక్కల్ని బాగా ఉడికించే పాత పద్ధతి వదిలి, పలచటి ముక్కను అంటుకోని పెనం మీద క్షణాలు కాల్చి, మీగడలో సారెల్ అనే పుల్లటి ఆకు కలిపిన సాస్‌తో పెట్టారు. మన చుక్కకూరకు దగ్గర చుట్టం అది. ఆ వంట ఎంత పేరు తెచ్చిందంటే రొఆన్ స్టేషన్‌కు సాల్మన్ గులాబీ, సారెల్ ఆకుపచ్చ రంగులు వేశారు. కొవ్వున్న చేపకు పులుపు, మీగడ, పచ్చి ఆకు చాలు. చేప లోపల ఇంకా కాస్త పచ్చిదనం ఉన్నా మేలే అన్న రుచి అక్కడినుంచి ప్రపంచమంతా పాకింది. ఇవాళ్టి ఓవెన్ ఫిల్లెట్‌ను నేను ఆ వంటకు ఇంటింటి రూపంగానే చూస్తాను.

ఈ వంటలో చీజ్ రుచి కోసం మాత్రమే కాదు. సాల్మన్ మాంసం 50 డిగ్రీల దగ్గర గట్టిపడటం మొదలుపెడుతుంది; 60 దాటితే బిగుసుకుని రసం బయటికి నెట్టేస్తుంది. ముక్క పక్కల తెల్లగా పేరుకునేది ఆ రసంలోని ప్రోటీనే. పైన చీజ్ పొర ఉంటే ఓవెన్ వేడిగాలి ముందు దానికి తగులుతుంది. దానిలోని నీరు ఆవిరవుతూ ఉన్నంతసేపు కింది చేప మెల్లగా కాగుతుంది. పెరుగు పూస్తే వేడికి విరుగుతుంది. క్రీమ్ చీజ్ విరగదు, ఎందుకంటే అమెరికా నిబంధన ప్రకారం అందులో కనీసం 33 శాతం పాలకొవ్వు ఉండాలి, నీరు 55 శాతం మించకూడదు. పైగా చిక్కదనానికి జిగురు కలుపుతారు. అమెరికా ప్రభుత్వం ముక్క లోపల 63 డిగ్రీలు రావాలంటుంది. గర్భిణులకు, వయసు పైబడినవాళ్లకు ఆ లెక్కే మంచిది.

చేపను పోగొట్టుకున్న నదుల్లో ఒకదానికి అది తిరిగి వచ్చింది కూడా. 2024లో కాలిఫోర్నియా, ఓరెగాన్ సరిహద్దున క్లామత్ నదిపై నాలుగు ఆనకట్టల తొలగింపు పూర్తయింది. అదే ఏడాది అక్టోబరులో, ఆనకట్టలు ఉన్న చోటికి పైనున్న ఒక ఉపనదిలో చినూక్ సాల్మన్ కనబడింది. క్లామత్ పరివాహకంలోని ఓరెగాన్ వైపుకు 1912 తర్వాత అలా రావడం అదే మొదలు.

సియాటిల్ చుట్టుపక్కల ఉండే తెలుగువాళ్లకు ఋతువు ఉన్న సాల్మన్ ఇంకా చేతికందే దూరంలోనే ఉంది. ఇసక్వా ఊరి మధ్యలో 1936 నాటి హేచరీ దగ్గర శరదృతువులో చినూక్, కోహో సాల్మన్ ఎదురీదడం పిల్లలకు చూపించవచ్చు. అలాస్కాలోని కాపర్ రివర్ సాకై, చినూక్ ఏటా మే నెల మధ్యలో విమానంలో సియాటిల్ చేరతాయి. ధర ఎక్కువే. ఆ సాకై దొరికినప్పుడు పెంపకపు చేపకు చేసినట్టు చేయకూడదు. ముక్క పలచన, కొవ్వు తక్కువ. పావుగంట పెడితే పీచుకడుతుంది. చీజ్ సగం చాలు. నిమ్మతొక్క తురుము, సోయకూర ఎక్కువ వేసి, ఎనిమిదో నిమిషంలో తలుపు తీసి చూడండి. మధ్యలో కత్తి మొన దింపితే పొరలు విడుతుంటే బయటికి తీసి, మూతపెట్టి రెండు నిమిషాలు ఉంచితే మిగతాది ఆ వేడికే అవుతుంది.