తిథియు, తేదీయు

తద్దినము పెట్టు ఇంట ముత్తాతగారి తిథి యేదని యడిగినచో మాసము, పక్షము, తిథి తడుముకొనక చెప్పుదురు. ఏ సంవత్సరమున గతించిరని యడిగినచో ఆలోచనలో పడుదురు. ఏటేట వచ్చు తద్దినము తిథిని మరువనీయదు. సంవత్సరముతో దానికి పని లేదు.

నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతమున తమ వంశచరిత్ర వ్రాయదలచువారికి మొదట కలుగు చిక్కు ఇదియే. దీనిని విప్పుటకు చావుపుట్టుకల పుస్తకము తోడ్పడును. నాటి మద్రాసు రాజధానిలో 1899లో ఇందులకై శాసన మేర్పడినది. పల్లెలలో గ్రామ మునసబు ఈ లెక్క వ్రాసెడివాడు. ఆ యుద్యోగములు 1984లో రద్దయినవి. 1969 నాటి కేంద్ర శాసనము ననుసరించి ఎవరైనను రుసుము చెల్లించి వెదకించి నకలు పొందవచ్చును; అందు మరణకారణము మాత్రము చూపరు. నంద్యాల జిల్లా ఏర్పడినది 2022లో గనుక, పాత కాగితములను కర్నూలు జిల్లా పేరునను, ఆళ్లగడ్డ పల్లెలవానిని సిరివెళ్ల తాలూకా పేరునను వెదకవలెను.

అట్టి కాగితమును చదువు తీరు ఐర్లండువారి అనుభవమువలన తెలియును. ఆ దేశమున 1864 నుండి ప్రతి మరణమును నమోదు చేయుచున్నారు. పాత నమోదులలో పేరు, వయస్సు, వృత్తి, కారణము ఉండెడివి, తల్లిదండ్రుల పేర్లుండెడివి కావు. అయినను చివర నొక గడి కలదు: ఈ వార్త చెప్పిన దెవరు? ఆ గడిలో పెండ్లియై ఇంటిపేరు మారిన కూతురు కనబడవచ్చును. మరియొక శాఖకు దారి దొరకును. మరణించిన తేదీని, చోటును చాలవరకు నమ్మవచ్చును. వయస్సు మాత్రము చెప్పినవారి యూహయే.

ఐర్లండులో 1845లో మొదలైన మహాక్షామమున చనిపోయినవారికి ఈ లెక్క లేదు. అది తరువాత వచ్చినది. మన సీమకును అట్టి గాయము కలదు. అది 1876–78 నాటి ధాత కరువు. 1871కిని 1881కిని నడుమ కర్నూలు జిల్లా జనసంఖ్య సుమారు నాలుగవ వంతు తగ్గినది. ఊరు విడిచి దారిలో కూలినవారి పేర్లు పుస్తకములలో దొరకుట అరుదు. పేరు లేనంత మాత్రమున మనిషి లేడనరాదు.

ఇంటి జ్ఞాపకమును త్రోసివేయరాదు, పరీక్షింపకయు నమ్మరాదు. "ధాతలో పోయినాడు" అన్నచో అది 1876 కావచ్చును, 1936 కావచ్చును. ఆ పేరు అరువది యేండ్లకు తిరిగి వచ్చును. తాత పేరు మనుమనికి పెట్టుట మన యాచారము గనుక ఒకరి మరణము మరియొకరి కంటగట్టు ప్రమాదమును కలదు. పుస్తకములోని తేదీని పాత పంచాంగమున చూచి, ఇంటివారు చెప్పు తిథితో సరిపోల్చవలెను. రెండును కలిసినచో ఆ మనిషి మనవాడే యని చాలవరకు నమ్మవచ్చును.

ఇంటి పెద్దలున్నపుడే తిథులను, పేర్లను అడిగి వ్రాసికొనుడు. కచ్చేరి కాగితము రేపును దొరకవచ్చును. అవ్వ జ్ఞాపకము దొరకదు.