కోరంగి మడలో ఒక పూట

మోతీనగర్‌లో ఉదయపు నడకలో కలిసే పింఛనుదారులం మేము నలుగురం. మాలో ఒకరిది కాకినాడ దగ్గరి పల్లె. "మోకాళ్ళు మాట వినేటప్పుడే కోరంగి చూద్దాం రండి" అని ఆయన పోరు పెట్టగా, మొన్న శీతకాలంలో గౌతమీ ఎక్స్‌ప్రెస్ ఎక్కి తెల్లవారేసరికి కాకినాడలో దిగాము.

అక్కడికి దగ్గరలోనే, గోదావరి సముద్రంలో కలిసేచోట, 235 చదరపు కిలోమీటర్ల మేర కోరంగి అభయారణ్యం ఉన్నది. 1978లో ప్రకటించారు. చెక్కబాట మీద నడుస్తుంటే ఇరువైపులా బురదలోంచి మేకుల్లా లేచిన వేళ్ళు. బురదలో గాలి ఆడదు గనుక నల్లమడ చెట్లు వీటితోనే ఊపిరి పీల్చుకుంటాయట. పడవలో పాయ వెంట పోగా కొంగలు, లకుముకిపిట్టలు కనబడ్డాయి. రెండు నీటికుక్కలు తలలెత్తి మమ్మల్ని చూసి మునిగాయి. బావురుపిల్లి రాత్రివేళ వేటాడేది కావడాన దర్శనమీయలేదు.

ఇంత నిశ్శబ్దమైన ఈ చోటు ఒకప్పుడు ఓడలు కట్టిన రేవు. 1789లోను, మరల 1839లోను వచ్చిన ఉప్పెనలు ఊరిని ముంచాయి. గోదావరి మేటతో రేవు పూడి, వ్యాపారం కాకినాడకు తరలింది. పేరు మాత్రం సముద్రం దాటింది. బర్మా వెళ్ళిన తెలుగు కూలీలను అక్కడివారు 'కోరంగీలు' అనేవారు. "మా తాత రంగూన్ రేవులో మూటలు మోశాడు. కోరంగి ఎప్పుడూ చూడలేదు, అయినా అక్కడ కోరంగీయే" అని మిత్రుడు నీళ్ళవైపు చూస్తూ ఊరుకున్నాడు.

నాకు మరొక ఉప్పెన గుర్తుకొచ్చింది. 1977 నవంబరు 19న దివిసీమ మునిగినప్పుడు, సహాయపు జాబితాలకు నకళ్ళు రాసిన గుమాస్తాను నేను. పేరు, తండ్రి పేరు, ఊరు, మృతుల సంఖ్య. రోజుల తరబడి అదే పని. ఆ ఫారాలలో చెట్లకు కాలమ్ లేదు. ఉప్పెన జోరును కొంతైనా విరిచేవి ఈ మడలేనని ఉద్యోగమంతా చేసి దిగిపోయాక, ఈ బురదలో నిలబడి తెలుసుకున్నాను.

మిత్రులారా, వీలైతే శీతకాలంలో మనుమలను వెంటబెట్టుకొని వెళ్ళండి. టోపీ, మంచినీళ్ళు, వేళకు వేసుకునే మాత్రలు మరువకండి. పక్షులను పిల్లలు తామే చూసుకుంటారు. ఆ చెట్లు ఎందుకున్నాయో మాత్రం మనమే చెప్పాలి.